మహమ్మారి రోజుల్లో ఆసుపత్రి డ్యూటీ: ఆందోళనను అదుపులో పెట్టుకోవడం ఎలా?

ఈ మాటలు డాక్టర్లకు మాత్రమే కాదు. స్టాఫ్ నర్సులు, హౌస్ సర్జన్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, 108 సిబ్బంది, వార్డు బాయ్‌లు, ఆయాలు, పారిశుద్ధ్య కార్మికులు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, ఊరంతా తలుపులు వేసుకుంటున్న వేళ చెప్పులు వేసుకుని బయలుదేరాల్సిన వాళ్లందరికీ. కరోనా వెళ్లిపోయింది కదా, ఇప్పుడెందుకు అంటారేమో. 2003లో సార్స్, 2009లో స్వైన్ ఫ్లూ, 2018లో కేరళలో నిఫా, 2020లో కరోనా. ఈ వరుస చూశాక తర్వాతిది రాదని ఎవరూ భరోసా ఇవ్వలేరు. వచ్చాక నేర్చుకోవడానికి తీరిక ఉండదు.

ముందే ఒక మాట. డ్యూటీకి వెళ్లేముందు గుండె దడదడలాడటం జబ్బు కాదు, పిరికితనం అంతకన్నా కాదు. నిఫా రోగికి సేవ చేసిన నర్సు లినీ పుతుస్సేరి అదే వ్యాధితో 2018 మే 21న కన్నుమూశారు. ఇలాంటి వార్త చదివిన మరో నర్సుకు భయం వేయకపోతేనే ఆలోచించాలి. ఆ భయం ఎక్కడ పుడుతోంది, అందులో మీ చేతిలో ఉన్నదెంత, ఆసుపత్రి యాజమాన్యం చేతిలో ఉన్నదెంత అన్నది విడదీసుకోకపోవడమే అసలు చిక్కు. 2020లో ఆసుపత్రుల్లో ‘ప్రాణాయామం చేయండి, ధైర్యంగా ఉండండి’ అన్న సలహాలు కావలసినన్ని దొరికాయి. ఎన్95 మాస్కులే దొరకలేదు. మాస్కు లేని చోట ఊపిరి వ్యాయామం నేర్పడం నా దృష్టిలో ఒక రకం దబాయింపే. అందుకే ఈ పద్ధతి కాగితంతో మొదలవుతుంది, ఊపిరితో కాదు.

1. భయాలన్నీ కాగితం మీద రాయండి

డ్యూటీ లేని పూట ఒక తెల్ల కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమవైపు మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్నలన్నీ రాయండి. పెద్ద పెద్ద మాటలు వద్దు. ‘నాకు ఆందోళనగా ఉంది’ అని రాస్తే దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. ఇలా రాయండి: రేపటి నైట్ డ్యూటీకి మాస్కు స్టోర్స్‌లో ఉందా? నాకు జ్వరం వస్తే టెస్టు ఎవరు చేస్తారు, ఫలితం ఎన్నాళ్లకు వస్తుంది? క్వారంటైన్ రోజులకు జీతం కోస్తారా? అత్తగారికి షుగర్ ఉంది, ఆమెను ఎక్కడ ఉంచాలి? నేను కాన్పుల వార్డు సిస్టర్‌ను, ఐసీయూలో వేస్తే వెంటిలేటర్ అలారం మోగితే ఏం చేయాలి? నాకేమైనా అయితే పిల్లల్ని బడికి ఎవరు తీసుకెళ్తారు?

కుడివైపు ఒక్కో ప్రశ్నకు ఎదురుగా జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరో రాయండి: హెడ్ నర్సు, ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), సూపరింటెండెంట్, మెడికల్ ఆఫీసర్, భర్త, అక్క, నేనే. ఇది అయ్యేసరికి చాలామందికి ఒక సంగతి బోధపడుతుంది. సగానికి పైగా ప్రశ్నలు మనసుకు సంబంధించినవి కావు, పరిపాలనకు సంబంధించినవి. 2020 ఏప్రిల్‌లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ముగ్గురు వైద్యులు ఇదే విషయం రాశారు. ఆసుపత్రి సిబ్బందితో మాట్లాడి వాళ్ల భయాలను గుర్తిస్తే, అవి చివరికి ఐదు కోరికలుగా తేలాయి: మా మాట వినండి, మమ్మల్ని రక్షించండి, మమ్మల్ని సిద్ధం చేయండి, మాకు అండగా ఉండండి, మాకు జబ్బు చేస్తే చూసుకోండి. మందుబిళ్ల అడిగినవాళ్లు అందులో లేరు.

2. అడగాల్సినవి రాతపూర్వకంగా అడగండి

కారిడార్‌లో నోటిమాటగా అడిగితే ‘చూద్దాం’ అంటారు. నలుగురు కలిసి అరపేజీ వినతిపత్రం ఇస్తే కనీసం అందినట్టు ఇన్‌వార్డు నంబరు పడుతుంది. ఒంటరిగా సంతకం చేయడానికి జంకు సహజం, ముఖ్యంగా కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగులకు. సంఘం ఉంటే సంఘం పేరుతో, లేకపోతే వార్డు పేరుతో ఇవ్వండి.

అడిగేముందు మీ పక్షాన ఏముందో తెలుసుకోవడం మంచిది. వైద్యుల జీతాలు సకాలంలో చెల్లించేలా చూడాలని సుప్రీంకోర్టు 2020 జూన్‌లో కేంద్రాన్ని ఆదేశించింది, క్వారంటైన్ వసతి గురించీ చెప్పింది. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020లో సవరించారు. అంటువ్యాధి కాలంలో ఆరోగ్య సిబ్బందిపై దాడి చేస్తే 3 నెలల నుంచి 5 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. తీవ్రంగా గాయపరిస్తే 6 నెలల నుంచి 7 ఏళ్లు, లక్ష నుంచి 5 లక్షలు. బెయిలు ఇవ్వక తప్పని నేరం కాదిది. సామాజిక ఆరోగ్య కార్యకర్తలకు కూడా వర్తిస్తుంది, కాబట్టి సర్వేకు వెళ్లినప్పుడు ఎవరైనా చేయి చేసుకుంటే ఆశా కార్యకర్త కూడా కేసు పెట్టవచ్చు. మీ నివాసానికి, పనికి అడ్డుపడే వేధింపు కూడా ఈ చట్టం దృష్టిలో హింసే. 2020 మార్చి 22న ఆరోగ్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టిన కాలనీల్లోనే, ఆ వారం తిరగకముందే ఇల్లు ఖాళీ చేయమన్న యజమానులున్నారు. ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్లు దీనిపై కేంద్ర హోం మంత్రికి ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. అద్దె ఇంట్లో ఉంటే ఈ సెక్షన్ల జిరాక్సు ఒకటి దగ్గర పెట్టుకోండి. చాలాసార్లు కాగితం చూపించగానే గొంతు తగ్గుతుంది.

మరో పని ఇప్పుడే చేయండి. డ్యూటీ రోస్టర్ వచ్చిన ప్రతిసారీ ఫోటో తీసి ఇంట్లో ఒకరికి పంపండి. 2020 మార్చి 30న మొదలైన కేంద్ర బీమా పథకంలో కరోనా డ్యూటీ చేస్తూ మరణించినవారి కుటుంబానికి 50 లక్షలు ఇచ్చే ఏర్పాటు ఉండేది. కానీ ఆ మనిషిని కరోనా పనిలో వేసినట్టు సంస్థ ధ్రువీకరించాల్సి ఉండేది. ఇలాంటి మాటలు అపశకునమని ఇంట్లో వాళ్లు నోరు మూయించవచ్చు. మూయించనివ్వకండి. నామినీ పేరు, బ్యాంకు కాగితాలు సర్దిపెట్టిన రాత్రి నిద్ర బాగా పట్టిందని చెప్పిన సిస్టర్లు నాకు చాలామంది తెలుసు.

3. పీపీఈ (రక్షణ సూటు, మాస్కు, గ్లోవ్స్) తొడుక్కునే పది నిమిషాలు

ఇక్కడ తొందరపడితే ఆ షిఫ్టంతా అనుమానంతోనే గడుస్తుంది. ‘మాస్కు పక్కనుంచి గాలి వెళ్తోందా?’ అన్న ప్రశ్న ఆరు గంటలు మోసేకంటే, బయటే తేల్చుకోవడం నయం.

ముందు నీళ్లు తాగండి, బాత్రూముకు వెళ్లి రండి, ఏదైనా తినండి. ఖాళీ కడుపుతో, నీళ్లు లేకుండా ఆ సూటులోకి దిగితే గంటన్నరలో కళ్లు తిరుగుతాయి, ఆ తిరుగుడును మెదడు భయంగా లెక్కేస్తుంది. తర్వాత మాస్కు. ముక్కు మీది లోహపు పట్టీని ఒక చేత్తో నొక్కకండి, రెండు చేతుల వేళ్లతో రెండువైపులా ఒకేసారి అదమండి. రెండు అరచేతులతో మాస్కును కప్పి గట్టిగా ఊపిరి వదలండి. కళ్లవైపో చెంపలవైపో గాలి తగిలితే సరిచేసి మళ్లీ చూడండి. గడ్డం ఉన్నవాళ్లకు ఎంత మంచి మాస్కయినా సరిగా అతకదు, తీసేయాల్సిందే. కళ్లద్దాల వెనుక మసక అదేపనిగా కమ్ముతుంటే అది మీ కళ్ల తప్పు కాదు, పైన గాలి కారుతోందని అర్థం.

మీకు జంటగా ఒక సహోద్యోగి లేకుండా లోపలికి వెళ్లకండి. తొడిగేటప్పుడు ఒకరు చూస్తుంటే, విప్పేటప్పుడు ఆ ఒకరు పైకి చదివి చెప్పాలి: ‘ఇప్పుడు శానిటైజర్... ఇప్పుడు గౌను... మెల్లగా, లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టండి.’ ఒంటికి వైరస్ అంటుకునే ప్రమాదం తొడిగేటప్పుడు కన్నా విప్పేటప్పుడే ఎక్కువ. షిఫ్టు అయిపోయిన ఆ అలసటలో చేయి తెలియకుండా ముక్కు దగ్గరికి వెళ్తుంది. మాస్కు మాత్రం చివరన, వార్డు బయటకు వచ్చాకే తీయాలి. విప్పే వరుస గోడ మీద తెలుగులో, బొమ్మలతో ఉండాలి. ఇంగ్లీషు పోస్టరు అతికించి చేతులు దులుపుకుంటే ఆయమ్మకు, వార్డు బాయ్‌కు ఏం ఉపయోగం?

4. వార్డులో ఉండగా దడ మొదలైతే

బయటికి పరుగెత్తాలనిపిస్తుంది, సూటు విప్పడానికే పావుగంట పడుతుందని గుర్తొచ్చి ఇంకా భయం పెరుగుతుంది. అప్పుడు జరిగేది ఇది: మాస్కు లోపల గాలి వేడెక్కుతుంది, ఊపిరి తీయడం కాస్త బరువవుతుంది. అది ఆక్సిజన్ తగ్గడమని మనసు అనుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో మాస్కు వల్ల సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) సాధారణంగా పడిపోదు. కానీ ఆ భయంతో మనం వేగంగా, లోతుగా ఊపిరి లాగుతాం. కార్బన్ డయాక్సైడ్ అతిగా బయటికి పోయి వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, పెదవుల చుట్టూ మొద్దుబారుతుంది, తల తేలిపోతుంది. ఆ లక్షణాలు చూసి మరింత వేగంగా ఊపిరి తీస్తాం. ఈ చక్రం తెగాలంటే గాలి ఎక్కువ తీయడం కాదు, నెమ్మదిగా వదలడం నేర్వాలి.

చేతిలో పని రోగి ప్రాణానికి సంబంధించినదైతే ముందు జంటను పిలిచి అప్పగించండి. గోడకు వీపు ఆనించండి లేదా కుర్చీలో కూర్చోండి. పాదాలు రెండూ నేలకు ఆనాయో లేదో గమనించండి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టే వరకు మామూలుగా ఊపిరి తీసుకుని, పెదవులు సున్నాలా చుట్టి ఆరు లెక్కపెట్టే వరకు వదలండి. ‘గట్టిగా గాలి పీల్చు’ అని పక్కవాళ్లు అరిస్తే వినకండి. రెండు మూడు నిమిషాలు ఇలాగే చేశాక చుట్టూ చూసి కనిపించేవాటి పేర్లు లోలోపల చెప్పుకోండి: 7వ నంబరు మంచం, సెలైన్ స్టాండు, నీలం బకెట్టు, ఆక్సిజన్ ఫ్లో మీటరులో ఎగిరే చిన్న గుండు. పిచ్చి పనిలా అనిపిస్తుంది. కానీ మనసు ‘రేపు ఏమవుతుందో’ దగ్గర నుంచి ‘ఇక్కడ’కు దిగిరావడానికి ఇంతకన్నా తేలిక దారి నాకు తెలియదు. ఇలాంటి భయపు పోటు సాధారణంగా పది నిమిషాల్లో గరిష్ఠానికి చేరి, ఆపైన దిగడం మొదలవుతుంది.

ఒక హెచ్చరిక. ఛాతీలో నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతున్నా, చెమటలు పట్టి స్పృహ తప్పేలా ఉన్నా ‘టెన్షన్‌లే’ అని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. ఆసుపత్రిలోనే ఉన్నారు, ఈసీజీ తీయించుకోండి. రోగికైతే ఏం చేస్తారో మీకూ అదే చేయించుకోవడానికి మొహమాటం దేనికి?

దడ తగ్గాక ఆ సంగతి జంటకు చెప్పండి, దాచకండి. రోజుకు రెండు మూడుసార్లు వస్తుంటే ఎనిమిదో భాగం చదవండి.

5. ఇంటికి వెళ్లడం, వెళ్లకపోవడం

కరోనా డ్యూటీ చేసినవాళ్లను ‘అన్నిటికన్నా దేనికి భయపడ్డావు?’ అని అడిగితే చాలామంది తమ ప్రాణం గురించి చెప్పరు. ఇంట్లో ముసలివాళ్ల గురించి, పసిపిల్లల గురించి చెబుతారు. దీన్ని సర్దుకోవడానికి ఒక నియమం ముందే పెట్టుకోండి, ప్రతిరోజూ గుమ్మం ముందు కొత్తగా ఆలోచించే పని ఉండకూడదు. డ్యూటీ బట్టలు ఆసుపత్రిలోనే మార్చడం, ఇంటికి రాగానే నేరుగా స్నానం, ఫోను కవరు తుడవడం, విడిగా ఒక గది, కిటికీలు తెరిచి ఉంచడం. ఒక్క గది ఇల్లయితే ఆసుపత్రినే వసతి అడగండి, ఇది మొదటి కాగితంలో రాయాల్సిన ప్రశ్న. నియమం పాటించాక మాత్రం చేతులు పదేపదే కడగడం, నిద్ర లేపి మరీ పిల్లల నుదురు తాకి చూడటం ఆపండి. రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రత చూస్తే చాలు. గంటకోసారి ఆక్సీమీటరు వేలికి పెట్టుకునే అలవాటు ధైర్యం ఇవ్వదు, మరోసారి చూడాలనిపిస్తుంది అంతే.

పిల్లలకు అబద్ధం చెప్పకండి. ‘అమ్మ ఊరెళ్లింది’ అంటే వీడియో కాల్‌లో మీ ముఖం మీద మాస్కు అచ్చు చూసి వాళ్లు ఏదో ఊహించుకుంటారు. ‘అమ్మ జబ్బు పడ్డవాళ్లను చూసుకుంటోంది, నీకు అంటకూడదని దూరంగా పడుకుంటోంది, ఆదివారం నీతో మాట్లాడుతుంది’ అని చెప్పండి. ఫలానా రోజు అని చెబితే ఆ మాట తప్పకండి.

6. నిద్ర, టీ, వాట్సాప్

ఇవి అందరికీ తెలిసినవే, త్వరగా ముగిస్తాను. టీ, కాఫీలోని కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. నైట్ డ్యూటీలో చివరి టీ రెండు గంటలకు ఆపితే ఉదయం నిద్ర పడుతుంది. ఇంటికి వచ్చాక గది చీకటి చేసుకోండి, వీధి తలుపుకు ‘నైట్ డ్యూటీ చేసి నిద్రపోతున్నారు’ అన్న చీటీ తగిలిస్తే పాలవాడు, కొరియరు వాళ్లు బెల్ కొట్టరు. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి కాసేపు కూర్చోండి. ఆసుపత్రి వాట్సాప్ గ్రూపులు రెండు చేయండి: ఒకటి రోస్టర్, ఆదేశాల కోసం, మరొకటి మిగతా గోల కోసం. ఆ రెండోదాన్ని నిశ్శబ్దంలో పెట్టండి. మరణాల లెక్కలు రోజుకు ఒకసారి చూస్తే చాలు, నిద్రకు ముందు మాత్రం చూడొద్దు.

7. చేతిలో ప్రాణాలు పోయినప్పుడు

సలహాలు ఎక్కువగా విఫలమయ్యేది ఇక్కడే. భయానికి ఊపిరి వ్యాయామం ఉంది. ‘ఇంకొక మంచం ఉండి ఉంటే ఆయన బతికేవాడు’ అన్న బాధకు వ్యాయామం లేదు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా కాసేపు తెగి, అధికారులు అప్పుడు చెప్పిన లెక్క ప్రకారం 11 మంది కరోనా రోగులు చనిపోయారు. ఆ వార్డులో ఆ రాత్రి చేత్తో ఊపిరి అందించే అంబూ బ్యాగు నొక్కుతూ, మంచానికీ మంచానికీ మధ్య పరుగెత్తిన సిబ్బంది స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. ట్యాంకరు ఆలస్యం వాళ్ల తప్పు కాదు. అయినా ఆ రాత్రి వాళ్ల కళ్ల ముందే గడిచింది.

అలాంటి షిఫ్టు తర్వాత చేయాల్సిన మొదటి పని, ఎవరూ ఒంటరిగా ఇంటికి వెళ్లకుండా చూడటం. జరిగింది మాట్లాడాలనుకునే వాళ్లను మాట్లాడనివ్వండి. అందరినీ వరుసగా కూర్చోబెట్టి ‘ఏం చూశావో చెప్పు’ అని బలవంతపెట్టకండి. అలా వెంటనే తవ్వించడం మేలు చేయదని నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు. వేడి అన్నం, స్నానం, నిద్ర, రేపు డ్యూటీ మార్పు, ఆ పూటకు ఇవే వైద్యం. మర్నాడో మూడోనాడో ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాయండి: నా చేతిలో ఉన్నది ఏం చేశాను? నా చేతిలో లేనిది ఏది? రెండోదాన్ని వీలైతే సంఘటన నివేదికలో కూడా రాయండి, ట్యాంకరు ఎన్ని గంటలకు రావాలి, ఎన్నింటికి వచ్చింది అన్నది సహా. నింద ఎవరిది అని తేల్చడం మీ పని కాదు, కానీ ఆ లెక్క మీ గుండెల్లో కాకుండా దస్త్రంలో ఉండాలి.

చనిపోయిన వారి బంధువులకు ఫోను చేసి చెప్పే బాధ్యత ఎప్పుడూ ఒక్కరి మీదే పడనివ్వకండి. వంతులు వేసుకోండి.

8. సాయం ఎప్పుడు కోరాలి?

ఏడు ప్రశ్నల ఆందోళన పరీక్ష ఒకటి ఉంది, జీఏడీ-7 అంటారు. గత రెండు వారాల్లో ఎంత తరచుగా కంగారు, ఆపుకోలేని ఆలోచన, చిరాకు వచ్చాయో ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 21. 5 వస్తే తేలిక, 10 మధ్యస్థం, 15 తీవ్రం. 10 లేదా అంతకు మించి వస్తే మానసిక వైద్యుణ్ణి కలవండి. మార్కులు తక్కువొచ్చినా డ్యూటీకి వెళ్లలేకపోతున్నా, తప్పులు చేస్తున్నా, రోజూ మద్యం తాగి నిద్రపోతున్నా కలవండి.

మన వృత్తిలో ఉన్న ప్రత్యేక ప్రమాదం చెప్పాలి. మందులు మన చేతికి అందుబాటులో ఉంటాయి. ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే అల్ప్రాజోలం మాత్రల స్ట్రిప్పు జేబులో వేసుకుని ‘నాకు తెలుసులే’ అనుకున్న వాళ్లలో డాక్టర్లూ ఉన్నారు, నర్సులూ ఉన్నారు. కొన్ని వారాల్లోనే అది లేనిదే నిద్ర రాని స్థితి వస్తుంది. ఆందోళనకు దీర్ఘకాలం వాడే మందులు వేరు, అవి పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వాటిని మరో వైద్యుడు రాయాలి. ఉద్యోగానికి చేటని భయపడకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యుడిది. సొంత ఆసుపత్రిలో చూపించుకోవడం ఇష్టం లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ షిఫ్టు అయ్యేదాకా ఆగకండి. పక్కనున్న మనిషికి చెప్పండి, మందుల అల్మారా తాళాలు వాళ్లకు ఇచ్చేయండి, ఫోను చేయండి.

9. ఇన్‌చార్జులకు

మీ కింద పనిచేసేవాళ్లకు రోజూ ఒకే సమయానికి ఐదు నిమిషాలు నిలబడి నిజం చెప్పండి: మాస్కులు ఎన్ని ఉన్నాయి, ఎన్ని రోజులకు సరిపోతాయి, మనవాళ్లలో ఎవరికి జబ్బు చేసింది, వాళ్లు ఎలా ఉన్నారు. తెలియనిది తెలియదనండి. కొత్త వార్డులో వేసినవాళ్లకు మొదటి రెండు షిఫ్టులు అనుభవజ్ఞుల పక్కన వేయండి. అభినందన పత్రాలు తర్వాత పంచవచ్చు.

10. కెరటం తగ్గాక

అప్పుడు అందరూ ఊపిరి పీల్చుకుంటారు, చాలామంది సిబ్బందికి అప్పుడే మొదలవుతుంది. మానిటర్ శబ్దం లాంటిది సెల్‌ఫోనులో వినబడితే ఉలికిపడటం, ఫలానా వార్డు వైపు నడవలేకపోవడం, ఉత్తపుణ్యానికి కన్నీళ్లు. కెనడాలోని టొరంటోలో సార్స్ రోగులను చూసిన ఆసుపత్రుల సిబ్బందిని ఒకటి రెండేళ్ల తర్వాత పరిశీలిస్తే, సార్స్ రోగులు రాని హామిల్టన్ నగరపు ఆసుపత్రుల సిబ్బంది కన్నా వాళ్లలో అలసట, మానసిక క్షోభ ఎక్కువగా కనిపించాయి. తగిన శిక్షణ, రక్షణ, అండ దొరికాయని భావించినవాళ్లకు ఆ దెబ్బ తక్కువ తగిలింది.

అందుకే కెరటం తగ్గిన నెలకు జీఏడీ-7 మళ్లీ వేసుకోండి, ఆరు నెలలకు ఇంకోసారి. మిగిలిపోయిన సెలవులు వాడుకోండి, డబ్బుగా మార్చుకోవడం మానండి. రోగులు తక్కువగా ఉన్న ఆ నెలల్లోనే ఎవరికి ఏ సైజు మాస్కు సరిగా అతుకుతుందో పరీక్షించి రిజిస్టరులో రాయించండి, కొత్తగా చేరినవాళ్లకు పీపీఈ విప్పడం నేర్పించండి, కాన్పుల వార్డు సిస్టర్లను విడతలవారీగా ఐసీయూలో వారం రోజులు వేయమని సూపరింటెండెంట్‌ను అడగండి. జ్వరాల కాలం జూన్‌లో మొదలవుతుంది, ఏప్రిల్‌లోనే అడిగితే మంచిది.